నేల నంటిన ఓజోను – మన బిడ్డల ఊపిరి

(వార్షిక మహాసభయందు ఒక విశ్రాంతోపాధ్యాయుడు చదివిన ఉపన్యాసము)

  

ప్రతి సంవత్సరమును ఈ మహాసభలో మాకు కొంత కాలము నొసగి, విద్యనుగూర్చి మాటలాడుమని కార్యవర్గమువారు కోరుట ఆచారము. మేమును ముప్పదియైదేండ్లు బడిపంతులపని చేసినవారము గావున ఆ నాలుగు మాటలనే మార్చి మార్చి చెప్పుచు వచ్చితిమి. మీరును ఓపికతో వినుచు వచ్చితిరి. ఈ యేడు మాత్రము విద్యను ప్రక్కనుంచి, గాలినిగూర్చి మాటలాడుటకు అనుజ్ఞ వేడుచున్నాము.

గాలినిగూర్చి చెప్పవలసినదేమున్నదని మీలో కొందరు నవ్వవచ్చును. సుమ్మాదేవి స్టేషనులో రైలు దిగినవానికి పడమట మహేంద్రగిరి కనబడును. తూర్పున కొంత దూరము పోయినచో సముద్రము కనబడును. నడుమ కొబ్బరితోటలు, జీడితోటలు. ఉద్యానమను మాటయే ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ తోటలను నేలకూల్చినను, మరల మొక్కలు నాటి పెంచుకొనుచున్న వారము మనము. ఇట్టి చోట గాలికేమి లోటు? లోటు గాలికి రాలేదు; గాలిని పీల్చు మన బిడ్డలకు వచ్చినది. వారిలో సగము మంది నేడిచ్చట లేరు. విశాఖపట్టణమున, హైదరాబాదున, చెన్నపట్టణమున, బొంబాయిలో ఉన్నారు. వారి ఊపిరియే నేటి మా విషయము.

మా మేనల్లుడొకడు విశాఖపట్టణమున మోటారుసైకిలుపై ఇంటింటికి భోజనపు పొట్లములను చేరవేయు పని చేయుచున్నాడు. ఇరువదియారేండ్లవాడు, పొగ త్రాగడు. క్రిందటి యేడు సంక్రాంతికి వచ్చినప్పుడు, "మావయ్యా! మధ్యాహ్నము రెండు గంటలయ్యేసరికి రొమ్ము పట్టేసినట్లుంటోంది. గట్టిగా ఊపిరి తీస్తే దగ్గొస్తోంది. సాయంత్రానికి తగ్గిపోతోంది" అని చెప్పెను. ముఖమునకు గుడ్డ కట్టుకొమ్మంటిమి. కట్టుకొనియే తిరుగుచున్నానని చెప్పెను. తరువాత వైద్యుని యొద్దకు పోగా, ఆయన ఒక యంత్రములోనికి ఊపిరి ఊదించి పరీక్షించి, ఇది ఉబ్బసమనియు, మధ్యాహ్నపుటెండలో వాహనముల నడుమ తిరుగుటవలన ఇది రేగుచున్నదనియు, నగరపు గాలిలోని ఓజోను దీనికొక కారణమనియు చెప్పెనట. ఆ మాట మా చెవిని బడినప్పటినుండి దానినిగూర్చి చదువుట మొదలిడితిమి.

ఓజోను అను పేరు వినగానే మేమొక పొరపాటు పడితిమి. సంస్కృతము చదివిన బుద్ధి గావున, ఇది ఓజశ్శబ్దమునుండి పుట్టినదేమో, ఓజస్సు నిచ్చు వాయువేమోయని తలచితిమి. ఆ తలపు శుద్ధ తప్పు. ఆ పేరు గ్రీకు భాషలో వాసన వేయుట అను అర్థముగల ధాతువునుండి వచ్చినది. స్విట్జర్లాండులోని బాసెలు నగరమున షోన్‌బైన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు, విద్యుత్తు ప్రసరించునప్పుడు పుట్టు ఘాటైన వాసనను పరిశీలించి, 1840లో ఆ వాయువునకీ పేరు పెట్టెను. మావంటి పొరపాటే ఐరోపావారును పడిరి. సముద్రపు గాలిలో ఓజోను మెండుగా నుండుననియు, అది ఆరోగ్యకరమనియు 19వ శతాబ్దమున అచ్చటివారు పలువురు నమ్మిరి. పేరునుబట్టి గుణము నెంచరాదు.

మనము పీల్చు ప్రాణవాయువు అణువునందు రెండు పరమాణువులుండును, ఓజోనునందు మూడు. ఆ మూడవది ఎప్పుడు విడిపోదునా, దేనిని పట్టుకొందునా యని చూచుచుండును. ఆ తొందరవలననే అది తాకిన వస్తువును మార్చివేయును. నేలకు 15 మొదలు 35 కిలోమీటర్ల ఎత్తున ఓజోను ఎక్కువగా నున్న పొర యొకటి కలదు. సూర్యుని తీక్ష్ణ కిరణములను అది అడ్డగించి మనలను కాపాడుచున్నది. ఆ పొరను రక్షించుటకే 1987లో మాంట్రియలు నగరమున దేశములన్నియు ఒడంబడిక చేసికొనుట ప్రారంభించినవి. అదే వాయువు నేల నంటి, మన ముక్కులో దూరినప్పుడు కీడు చేయును. నిప్పు పొయ్యిలో నుండవలెను గాని పందిరిలో నుండరాదు గదా!

ఈ క్రింది ఓజోను ఎచ్చటనుండి వచ్చుచున్నది? పైపొరనుండి జారిపడునది స్వల్పము. చిత్రమేమనగా, పొగవలె ఇది ఏ గొట్టమునుండియు నేరుగా వెలువడునది కాదు. ఇది గాలిలో వండబడును. వాహనముల యంత్రములనుండియు, బొగ్గు మండించు కర్మాగారములనుండియు నైట్రోజను ఆక్సైడులను వాయువులు వచ్చును. ఇది మొదటి దినుసు. పెట్రోలు, రంగులు, ద్రావకములు, కాలుచున్న చెత్త, చితుకులు – వీనినుండి ఆవిరులు వచ్చును. ఇది రెండవ దినుసు. ఇక పొయ్యి సూర్యుడు. ఎండ తీవ్రముగా నుండి, గాలి కదలక యుండినప్పుడు ఈ వంట చురుకుగా జరుగును. ఉదయము వెడలిన పొగ మధ్యాహ్నమునకు ఓజోనుగా తయారగును. పండ్రెండు గంటలనుండి నాలుగు గంటలవరకు దాని ఉధృతి మెండు. ప్రొద్దు గ్రుంకిన పిదప తగ్గును. మా మేనల్లుని రొమ్ము గడియారమువలె ఆ వేళకే ఏల బిగిసెనో మాకప్పుడు బోధపడినది.

ఈ సంగతి లోకమునకు తెలిసిన తీరు వినదగినది. 1943 జూలైలో అమెరికాలోని లాస్ ఏంజిలిసు నగరమును కండ్లు మండించు పొగ కమ్మినది. అది యుద్ధకాలము. జపానువారు విషవాయువును ప్రయోగించిరేమోయని కొందరు భయపడిరి. కొన్నియేండ్లకు, అనాసపండు పరిమళమును పరిశోధించుచుండిన హాగెన్-స్మిట్ అను ఆచార్యుడు ఆ గాలిని పరీక్షించి, శత్రువు సముద్రము దాటి రాలేదనియు, నగరవాసుల వాహనములనుండియు, నూనె కర్మాగారములనుండియు వచ్చిన ఆవిరులే ఎండలో పాకమై ఓజోనుగా మారుచున్నవనియు 1950 ప్రాంతమున వెల్లడించెను. తమ బండ్లే తమ శత్రువులని ఒప్పుకొనుటకు ఆ నగరమువారికి చాలకాలము పట్టినది.

విశాఖపట్టణమును మీలో ఎరుగని వారు లేరు. చుట్టును కొండలు, ఒకప్రక్క సముద్రము. నడుమ ఓడరేవు, ఉక్కు కర్మాగారము, నూనె శుద్ధి కర్మాగారము, లెక్కకు మిక్కిలి వాహనములు. గిన్నెలో పోసిన పులుసువలె పొగ అందే తిరుగును. రాత్రివేళ నేలమీదినుండి సముద్రముపైకి పోయిన గాలి, పగటివేళ సముద్రపు గాలితో మరల నగరమునకే రాగలదు. 2019లో కేంద్ర ప్రభుత్వమువారు స్వచ్ఛ వాయు కార్యక్రమమును ప్రారంభించి, గాలి చెడిన నగరముల పట్టికను తయారుచేసిరి. అందు విశాఖపట్టణమును, మన జిల్లా ముఖ్యపట్టణమగు శ్రీకాకుళమును కూడ చేరినవి. ఆ పట్టిక ముఖ్యముగా ధూళిని లెక్కించి చేసినది. ధూళి కంటికి గొంత కనబడును. ఓజోను కనబడనే కనబడదు.

"ఇది పట్టణమువారి బాధ, మనకేల?" అని అనుకొనవలదు. ఓజోనుకు మరియొక చెడు గుణము కలదు. నగరము నడుమ, వాహనముల రద్దీలో అప్పుడే వెలువడిన పొగ దానిని కొంత హరించును. ఆ నగరపు గాలి వీచి ఊరి వెలుపలికి పోయినప్పుడు, హరించు పొగ లేక ఓజోను నిలిచి పెరుగును. కావున ఒక్కొక్కప్పుడు నగరమధ్యమునకంటె గాలివాటున నున్న పల్లెలలోనే అది ఎక్కువగా నుండును. మనుష్యులకే కాదు, వరి గోధుమ మొదలైన పైరుల ఆకులకును అది హాని చేసి దిగుబడి తగ్గించును. మన పలాస–కాశీబుగ్గలనంటి 16వ నంబరు జాతీయ రహదారి పోవుచున్నది, రాత్రింబగళ్లు లారీలు. మనకు అన్నము పెట్టు జీడి పరిశ్రమలోను పిక్కలను కాల్చు చోట, తొక్కను వంటచెరకుగా మండించు చోట లేచు పొగ ఎంత ఘాటో చెప్పవలసిన పనిలేదు. దినుసులు మనయొద్దను కలవు. ఎండకు కొదువ లేనే లేదు.

ఇక ఇది ఊపిరితిత్తులను ఏమి చేయును? ఎండ చర్మమును కమిలించునట్లు, ఓజోను శ్వాసనాళముల లోపలి పొరను కమిలించునని వైద్యులు చెప్పుదురు. గొంతులో గరగర, దగ్గు, దీర్ఘశ్వాస తీసినప్పుడు రొమ్ములో నొప్పి దాని గుర్తులు. ఉబ్బసము కలవారికి అది రేగును. ఆరోగ్యవంతులకు సైతము ఊపిరి పట్టు తాత్కాలికముగా తగ్గును. నొప్పి తగ్గిన పిదపను లోపలి వాపు మరికొంతకాలముండును. ఏండ్ల తరబడి పీల్చినవారికి శ్వాసరోగములవలన మరణభయము హెచ్చును. బాలురకు, వృద్ధులకు, ఆరుబయట కష్టపడి పనిచేయువారికి ఇది మరింత చెరుపు. కష్టపడువాడు ఎక్కువ గాలి పీల్చును. ఎక్కువ గాలి పీల్చినవాడు ఎక్కువ విషమును పీల్చును. ధూళియు పొగయు శ్వాసరోగమునకు కారణములని చరకాచార్యులు ఏనాడో లెక్కించి యున్నారు. ఓజోను పేరు వారికి తెలియకపోవచ్చును గాని, చెడిన గాలినుండి వ్యాధి పుట్టునన్న సంగతి మనవారికి క్రొత్త కాదు.

ఇచ్చట మా తప్పొకటి సభాముఖమున చెప్పుకొనవలసియున్నది. మేము ఉపాధ్యాయులుగా నున్న దినములలో ఆటల పిరియడు మధ్యాహ్నము రెండు గంటలకుండెడిది. ఒక కుఱ్ఱవాడు మైదానము చుట్టు రెండు మారులు పరుగెత్తి, మూడవమారు కూలబడి ఎగయూపిరి విడుచుచుండెను. సోమరితనమని తలచి, లెమ్మని గద్దించి మరల పరుగెత్తించితిమి. సాయంకాలము వాని తండ్రి వచ్చి, బిడ్డకు చిన్ననాటినుండి ఆయాసము కలదని, మాకు చెప్పుటకు వాడు సిగ్గుపడెనని చెప్పి, మమ్మొక్క మాటయు ననక వెడలిపోయెను. ఆయన తిట్టియున్నచో మాకింత కాలము జ్ఞాపకముండెడిది కాదు. బిడ్డ ఊపిరి కష్టమును క్రమశిక్షణా లోపముగా చదివిన పంతులుకు ఎంత సంస్కృతము వచ్చియు నేమి ఫలము?

కంటబడిన ఆపదకు అందరును పరుగెత్తుదురు. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణపు వెంకటాపురమున స్టైరీను ఆవిరి ఊరిపై బడి జనులు మరణించినప్పుడు దేశమంతయు కదలినది. నెమ్మదిగా వచ్చు ఆపదకు ఎవరును కదలరు. ఇది మన ఉద్దానమునకు మరియొకరు చెప్పవలసిన పాఠము కాదు. మూత్రపిండముల వ్యాధి మన ఇండ్లలో దూరినప్పుడు మొదట అలసట అంటిమి, వయస్సు అంటిమి, కర్మ అంటిమి. రక్తపరీక్ష చేయించునప్పటికి ఎందరికో కాలము మించిపోయినది. పలాసలో ఆ వ్యాధికై 2023 డిసెంబరులో పెద్ద ఆసుపత్రి వెలసినది, సంతోషమే. కాని ఆసుపత్రి వచ్చులోపల ఎన్ని కుటుంబములు పెద్దదిక్కును పోగొట్టుకొన్నవో ఈ సభలో కూర్చున్నవారికి తెలియును. ఊపిరి విషయములో ఆ ఆలస్యము మరల జరుగరాదు.

కాబట్టి మనము చేయదగిన పనులు కొన్ని విన్నవించెదము.

మొదటిది, వేళను మార్చుకొనుట. ఎండకాలమున మన పెద్దలు తెల్లవారకమునుపే పొలమునకు పోయి, ప్రొద్దెక్కిన పిదప చోడి అంబలి త్రాగి చెట్టునీడ నడుము వాల్చి, చల్లబడిన తరువాత మరల పనిలోనికి దిగెడివారు. ఓజోను తగ్గియుండు వేళలు ఆ వేళలే. పరుగు, వ్యాయామము, ఆటలు, బరువు పనులు ఉదయమునకో, ప్రొద్దు వాలిన తరువాతనో మార్చవలెను. శీతకాలమున మాత్రము వేకువజామున పొగయు ధూళియు నేలనంటి యుండును గావున కొంత ప్రొద్దెక్కనిచ్చి బయలుదేరుట మేలు. కూలివానికి వేళ నేర్పరచుకొను స్వాతంత్ర్యమెక్కడిదని మీరడుగుదురు. నిజమే. ఆ స్వాతంత్ర్యము పని పెట్టువానిది. మన సంఘమున మేస్త్రీలు కలరు, గుత్తేదారులు కలరు, జీడి కర్మాగారముల యజమానులు కలరు. వారిలో పలువురు ముందు వరుసలోనే కూర్చున్నారు. మధ్యాహ్నపు విశ్రాంతిని ఒక గంట పెంచి, ఉదయపు పనిని ఒక గంట ముందునకు జరిపినచో వారికి నష్టము లేదు. పనివానికి ఊపిరి మిగులును.

రెండవది, గాలి గుణము నెరుగుట. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలివారు నగరముల వాయు నాణ్యతా సూచికను దినదినమును ప్రకటించుచున్నారు. అందు లెక్కించు ఎనిమిది మాలిన్యములలో ఓజోను ఒకటి. ఆ సూచికను చేతిఫోనులో చూపునదానికి సమీర్ అని పేరు పెట్టిరి. సమీరమనగా గాలియే గదా. 2009 నాటి మన దేశపు ప్రమాణము ప్రకారము, ఘనమీటరు గాలిలో ఓజోను ఎనిమిది గంటల సగటున 100 మైక్రోగ్రాములను, ఒక గంట సగటున 180 మైక్రోగ్రాములను మించరాదు. వాన వచ్చునా రాదా యని ఫోనులో చూచు మన పిల్లలు దీనినిగూడ చూడవచ్చును.

మూడవది, భ్రమలను విడుచుట. ముఖమునకు కట్టు గుడ్డ ధూళిని కొంత ఆపునేమో గాని ఓజోను నాపదు, అది వాయువు. ఆ వేళ ఇంటిలోపల నుండి, కిటికీలు మూసికొనుటయే దానికంటె మేలు. లోపల ఓజోను తక్కువగా నుండును. గాలిని శుద్ధిచేయునని చెప్పి ఓజోనును పుట్టించు యంత్రములను కొందరు అమ్ముచున్నారు. వానిని డబ్బిచ్చి కొని ఇంట పెట్టుకొనుట పామును పాలుపోసి పెంచుట.

నాలుగవది, దాపరికమును మానుట. ఇది మన సంఘమునకే ప్రత్యేకముగా చెప్పవలసిన మాట. మా మేనల్లునికి వైద్యుడు పీల్చు మందు నిచ్చెను. దానితో వాడు సుఖముగా నున్నాడు. కాని పెండ్లిసంబంధము చూడ వచ్చినవారి కంటబడునని వాని తల్లి, అనగా మా తోబుట్టువే, ఆ మందును బియ్యపు డబ్బాలో దాచినది. రెండు దినములు మందు లేక మూడవ దినమున వాడు రాత్రియంతయు కూర్చుండి ఊపిరి పీల్చెను. ఉబ్బసము దోషము కాదు, పాపము కాదు. క్రమముగా మందు వాడినవాడు అందరివలె పనిచేయును, సంసారము చేయును. మందు పీల్చిన అలవాటైపోవునని భయపడి, వైద్యుని అడుగక మానుటయే ప్రమాదము. ఈ సభయందే రేపు వధూవరుల పరిచయ కార్యక్రమము జరుగనున్నది. చదువు, జీతము, పొలము అడిగినట్లే ఆరోగ్యమును అడుగుడు. నిజము చెప్పినవానిని మాత్రము త్రోసివేయకుడు. నిజమునకు శిక్ష యుండుచోట అబద్ధమే పెరుగును.

ఐదవది, దినుసులను తగ్గించుట. రైలుగేటు వద్ద యంత్రము నాపుట, చెత్తను తగులబెట్టకుండుట, పెట్రోలును ఎండవేళగాక సాయంకాలము పోయించుకొనుట, నాలుగు బండ్లమీద పోవువారు ఒక బస్సులో పోవుట – ఇవి చిన్న పనులు. జీడి యజమానులు పిక్కను కాల్చుట మాని ఆవిరితో ఉడికించు పద్ధతికి మారుట పెద్ద పని. మారినవారు కలరు, వారిని సభ అభినందింపవలెను.

కడపటి మాట యొకటి కలదు. దీనిని చెప్పుటకు మాకు గొంత బెదురుగానే యున్నది. నేటి మధ్యాహ్నము పలాసనుండి ఈ పందిరివరకు మన యువకులు వందలకొలది మోటారుసైకిళ్లతో ఊరేగింపుగా వచ్చిరి. వారి ఉత్సాహము చూచి మా రొమ్మును పొంగినది. కాని ఎండ నెత్తిమీద నుండగా, రహదారిపై రెండుగంటలసేపు యంత్రములు మ్రోగుచుండగా, వెనుక వరుసలో వచ్చినవాడు ముందువాని పొగను పీల్చుచు వచ్చెను. ఆ వెనుక వరుసలో మా మేనల్లుడును ఉండెను. సెలవు పెట్టి, విశాఖపట్టణపు గాలికి దూరముగా రెండు దినములుందునని వచ్చినవాడు. పందిరి చేరగానే ఒక మూలకు పోయి, ఎవరును చూడకుండ మందు పీల్చెను. మేము చూచితిమి.

సంఘబలము చూపవలదని మేమనము. వచ్చు సంవత్సరపు ఊరేగింపును ఉదయము ఎనిమిది గంటలకు, సుమ్మాదేవి స్టేషనునుండి కాలినడకన జరుపవలెనని మేమొక తీర్మానమును కార్యవర్గమువారికి వ్రాసి యిచ్చియున్నాము. నడచి వచ్చువారు యంత్రములకంటె ఎక్కువ కనబడుదురు. ముసలివారమైన మేమును వారితో నడువగలము. మీలో దీనికి సమ్మతించువారు రేపటి సర్వసభ్య సమావేశమున చేయెత్తవలెనని ప్రార్థించుచున్నాము. సమ్మతింపనివారు లేచి కారణము చెప్పుడు. వినుటకు సిద్ధముగా నున్నాము. ఒక్కమారు బిడ్డ ఊపిరిని అర్థము చేసికొనక గద్దించినవారము; రెండవమారు మౌనముగా నుండలేక ఈ మాటలు చెప్పితిమి.